బహుమతి డిసెంబరులో, విత్తనం జూన్‌లో: బడి సైన్స్ ఫెయిర్‌లో వ్యవసాయ పరిశోధనకు అవార్డు పెట్టిన అనుభవం

జిల్లా సైన్స్ ఫెయిర్‌లో వ్యవసాయం బల్లల దగ్గర నిలబడితే ఏటా కనిపించేవి దాదాపు అవే. థర్మాకోల్ మీద పచ్చరంగు పూసిన పొలం, తేమ సెన్సర్‌కు తగిలించిన బుల్లి మోటారు, సెలైన్ సీసాలతో బిందుసేద్యం, ఒక మూల సేంద్రియ వ్యవసాయం మీద చార్టు. చేసిన పిల్లల శ్రమను తక్కువ చేయలేం గానీ, వాటిలో ఒక్కటీ ప్రశ్న అడగదు, ఒక్కటీ కొలవదు. ఉత్తమ వ్యవసాయ ప్రాజెక్టుకు విడిగా ఒక బహుమతి పెడితే పిల్లలు పరిశోధన వైపు వస్తారని మొదట అనుకున్నాం. రాలేదు. ఆ బహుమతి కూడా మోడల్‌కే పోయింది. కారణం పిల్లలు కాదు, తేదీ. ఫెయిర్ సర్క్యులర్ చేతికొచ్చాక మిగిలేది మూడు వారాలు. మూడు వారాల్లో పండే పంట థర్మాకోల్ ఒక్కటే.

అందుకే అవార్డు ప్రకటనను జూన్‌కు జరిపాం. జూన్ 12న బడులు తెరుస్తారు, తొలకరి కూడా అప్పుడే. ఆ నెలాఖరులోగా హెచ్‌ఎంల చేతికి ఒక్క పేజీ కాగితం వెళ్లాలి. అందులో బహుమతి మొత్తం కన్నా పైన, పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది: ‘మోడళ్లకు ఈ బహుమతి లేదు. కొలతలు రాసిన నోటుబుక్కుకే బహుమతి.’ ఈ వాక్యం చివర్లో చిన్నగా రాస్తే ఎవరూ చదవరు, డిసెంబరులో మళ్లీ మోటార్లే వస్తాయి.

దరఖాస్తు కూడా ఒక్క పేజీయే, నాలుగు ప్రశ్నలు. ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు? ఏ ఒక్క సంగతిని మారుస్తారు? ఏం కొలుస్తారు, దేనితో కొలుస్తారు? ఎన్ని రోజులు పడుతుంది? రెండో ప్రశ్న దగ్గరే సగం దరఖాస్తులు ఆగిపోతాయి. ‘వర్మీకంపోస్టు, జీవామృతం వేసి బిందుసేద్యంతో టమాటా పండిస్తాం’ అని రాస్తారు. మూడూ కలిపి మారిస్తే, కాయలు ఎక్కువ కాసినా ఏది కాయించిందో తెలియదు. అలాంటివి తిప్పి పంపేటప్పుడు ‘తిరస్కరించాం’ అని రాయకూడదు, పిల్లలు మళ్లీ రారు. మూడింట్లో ఒకదాని చుట్టూ గీత గీసి ‘ఇది మాత్రం చేయండి’ అని పంపితే చాలావరకు వారంలో సరిచేసి ఇస్తారు.

నాలుగో ప్రశ్న పంటను తేల్చేస్తుంది. వరి నాలుగైదు నెలలు, మిర్చి అంతకన్నా ఎక్కువ. మధ్యలో యూనిట్ పరీక్షలు, దసరా సెలవులు. తోటకూర, ముల్లంగి, మెంతికూర అయితే నెల రోజుల్లో ఫలితం చేతికొస్తుంది. పెసర 60-65 రోజుల్లో కోతకొస్తుంది, పూత వరకే చూసే ప్రయోగమైతే 40 రోజులు చాలు. అప్పుడు సెప్టెంబరులో అదే ప్రయోగాన్ని రెండోసారి వేసుకునే వీలుంటుంది. మొదటిసారి వచ్చిన ఫలితం రెండోసారి రాకపోవడం మామూలే, ఆ రెండోసారి చేసినందుకే మేం అదనంగా మార్కులు వేస్తాం.

డబ్బు విషయంలో నేర్చుకున్నది ఒకటుంది. బహుమతి సొమ్మంతా చివర్లో ఇస్తే, గ్రోబ్యాగులు కొనగలిగిన ఇళ్ల పిల్లలే మొదలుపెడతారు. అందుకే ఎంపికైన ప్రతి జట్టుకూ ముందే 1,500 రూపాయలు గైడ్ టీచరు ద్వారా ఇచ్చి, రసీదులు నోటుబుక్కులో అంటించమంటున్నాం. దాంతోపాటు ఒక పెట్టె అరువిస్తాం: 0.01 గ్రాము వరకు తూచే బుల్లి కాటా, 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, పీహెచ్ కాగితాలు, చేతి లెన్సు, కుట్టిన 100 పేజీల నోటుబుక్కు. కాటా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఈ పెట్టెలో అదే ప్రాణం, అది లేకపోతే ‘మొక్క బలంగా పెరిగింది’ అన్న మాటతోనే ప్రాజెక్టు ముగుస్తుంది. నోటుబుక్కుకు ముందే పేజీ నంబర్లు వేసి, మొదటి, చివరి పేజీల మీద బడి స్టాంపు వేయించాలి. విడి కాగితాలూ, స్పైరల్ పుస్తకాలూ వద్దు. కాగితం చింపితే తెలిసిపోవాలి.

ఇక ప్రయోగం అమరిక. ఎక్కువ జట్లు చేసేదీ, ఎక్కువ జట్లు పాడుచేసేదీ పెసరలో రైజోబియం ప్రయోగమే కాబట్టి దాన్నే వివరంగా చెబుతాం. పప్పుజాతి మొక్కల వేర్ల బుడిపెల్లో ఉండి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా రైజోబియం.

ఎనిమిది కిలోల మట్టి పట్టే గ్రోబ్యాగులు 16 కావాలి. మట్టిని జల్లెడ పట్టి, అంతా ఒకే కుప్పగా కలిపి, ఒక్కో బ్యాగులో తూచి పోయాలి. మట్టి ఎక్కడిదన్నది ముఖ్యం. ఏటా పెసర, మినుము వేసే పొలంలో రైజోబియం ముందే ఉంటుంది, అక్కడి మట్టి తెస్తే తేడా కనిపించదు. కొన్నేళ్లుగా అపరాలు వేయని చోటి మట్టి తేవాలి. బలం కోసమని పశువుల ఎరువో, గుప్పెడు యూరియానో వేస్తే ప్రయోగం అక్కడితో సరి. నత్రజని దండిగా దొరికే మట్టిలో మొక్క వేర్ల మీద బుడిపెలు పెట్టించుకోదు.

విత్తనం షాపులో కొన్నదైతే రంగు చూడాలి. గులాబీ రంగో, ఎరుపో పూసి ఉంటే అది శిలీంద్రనాశిని పట్టించిన విత్తనం. దాని మీద రైజోబియం చస్తుంది, పైగా పిల్లలు ఒట్టి చేతుల్తో ముట్టుకోకూడదు. రంగు లేని విత్తనం తెచ్చుకుని ముందు మొలక పరీక్ష చేయాలి. తడి కాగితంలో 25 గింజల చొప్పున నాలుగు చుట్టలు చుట్టి ఏడో రోజు లెక్కపెడితే చాలు. పెసరకు విత్తన ధృవీకరణ అడిగే కనీస మొలక 75 శాతం. అంతకన్నా తగ్గితే ఆ విత్తనం వదిలేయడం మేలు. వంటింటి డబ్బాలోని పెసలు తెచ్చేస్తుంటారు, వాటి వయసు ఎవరికీ తెలియదు.

రైజోబియం ప్యాకెట్టు 200 గ్రాములు ఉంటుంది, ఎకరానికి సరిపోయే 8-10 కిలోల విత్తనానికి అది. అంటే కిలోకు 20-25 గ్రాములు, మన 100 గ్రాముల పెసలకు రెండు, రెండున్నర గ్రాములు. ఇక్కడే గుప్పెడు వేసేస్తారు, కాటా ఇచ్చింది ఇందుకే. ప్యాకెట్టు మీద గడువు తేదీ చూడాలి, కారు డాష్‌బోర్డు మీద పెట్టి తెచ్చిన ప్యాకెట్టు గడువులో ఉన్నా పనికిరాదు. 10 శాతం బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లార్చి, గింజలు తడిసేంత చల్లి, పొడి పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. చల్లారకముందే కలిపితే బాక్టీరియాను మనమే ఉడకబెట్టినట్టు.

నాలుగు ట్రీట్‌మెంట్లు, అంటే పోల్చి చూసే నాలుగు రకాలు, ఒక్కోదానికి నాలుగు బ్యాగులు. ఒకటి ఏమీ పట్టించని విత్తనం, రెండోది బెల్లం నీళ్లు మాత్రమే పట్టించింది, మూడోది రైజోబియం పట్టించింది. నాలుగోదాన్ని మేం పట్టుబట్టి పెట్టిస్తాం: పొడిని కుక్కర్‌లో అరగంట ఉంచి, చల్లార్చి పట్టించిన విత్తనం. మూడో రకం బాగా పెరిగి నాలుగోది పెరగకపోతే, పనిచేసింది పొడిలోని ప్రాణమే కానీ పొడిలోని పోషకం కాదని చెప్పగలం. జీవామృతం ప్రయోగాలకూ ఇదే సూత్రం. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి కలిపిన దాన్ని ఒట్టి నీళ్లతో పోల్చి ‘సూక్ష్మజీవుల వల్ల పెరిగింది’ అని చార్టు రాసేస్తారు. పేడలోనూ మూత్రంలోనూ నత్రజని లేదా మరి? కాచి చల్లార్చిన జీవామృతం పోసిన కుండీలు పక్కన లేకపోతే ఆ మాట అనే హక్కు లేదు.

విత్తేటప్పుడు ఏమీ పట్టించని బ్యాగులు ముందు, రైజోబియం బ్యాగులు చివర్న. అదే చేత్తో, అదే చెంచాతో అటూ ఇటూ తిరిగితే అన్నింటికీ రైజోబియం అంటుతుంది. బ్యాగుకు ఐదు గింజలు వేసి పదో రోజున రెండు మొక్కలు ఉంచాలి. ఏ రెండు? ‘బాగున్నవి’ అంటే కుదరదు, బాగున్నవాటిని ఎంచాక పెరుగుదల కొలవడంలో అర్థం లేదు. బ్యాగు మధ్యకు దగ్గరగా ఉన్న రెండు అని ముందే రాసుకోవాలి. రెండు మొక్కల సగటు ఆ బ్యాగుకు ఒక్క అంకె అవుతుంది. ఒకే కుండీలో 20 మొక్కలు పెంచి 20 సార్లు చేశామనడం చాలా బళ్లలో జరుగుతోంది. ఆ కుండీకి చీమలు పడితే ఇరవయ్యీ పోతాయి, అది ఒక్కసారి చేసినట్టే.

బ్యాగుల్ని ట్రీట్‌మెంట్ల వారీగా వరుస పెట్టడం ఇంకో పొరపాటు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పడమటి గోడ పక్కనున్న వరుసకు సాయంత్రం వేడి, చెట్టు కింది వరుసకు నీడ. అందుకని గోడకు సమాంతరంగా నాలుగు వరుసలు వేసి, ప్రతి వరుసలోనూ నాలుగు రకాలూ ఒక్కోటి ఉండేలా, ఆ వరుస లోపల చీటీలు తీసి స్థానం నిర్ణయించాలి. చీటీలు తీసిన పటం నోటుబుక్కు మూడో పేజీలో ఉండాలి.

35-40 రోజులకు పూత మొదలవుతుంది, అప్పుడు ప్రయోగం ఆపాలి. మొక్కను పట్టి లాగితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. బ్యాగు కోసి, మట్టిగడ్డతో సహా బకెట్ నీళ్లలో అరగంట నాననిచ్చి, మెల్లగా కడగాలి. బుడిపెల సంఖ్య రాసి, ఓ పదింటిని బ్లేడుతో కోసి లోపలి రంగు చూడాలి, బ్లేడు పని టీచరుది. లోపల గులాబీ రంగుంటే నత్రజని స్థిరీకరణ జరుగుతున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె పని చేయడం లేదు. లెక్క ఎక్కువ, గులాబీ తక్కువ వచ్చిన ప్రాజెక్టు ఉత్త లెక్కలు చెప్పే ప్రాజెక్టు కన్నా ఎంతో విలువైనది. మొక్కను కాగితపు కవరులో పెట్టి ఎండబెట్టి, రెండు రోజులు వరుసగా ఒకే బరువు వచ్చేదాకా తూచాలి. ముసురు పడితే మధ్యాహ్న భోజనం వండే గదిలో, పొయ్యికి దూరంగా తాడు కట్టి కవర్లు వేలాడదీయించాం.

కుండీలు కాక పొలంలో చేసేవీ ఉన్నాయి. కాలువ కింద, బోర్ల కింద వరి ఉన్న ఊళ్లలో మేం ముందు చెప్పేది నీటి గొట్టం ప్రయోగం. మడిలో ఎప్పుడూ నీరు నిలపకుండా, గొట్టంలో మట్టం చూసి తడి ఇచ్చి నీరు ఆదా చేసే పద్ధతి ఇది. 30 సెంటీమీటర్ల పొడవు, 10-15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పీవీసీ పైపు ముక్క తీసుకుని, కింది సగానికి చుట్టూ చిల్లులు పెట్టి, ఆ సగం మట్టిలో ఉండేలా దిగ్గొట్టి, లోపలి మట్టి తీసేయాలి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ తడి. నాటు వేసిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టి, పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం నీరు నిలవగట్టాలి. ఈ విరామం చెప్పకుండా రైతును ఒప్పిస్తే తాలు గింజలకు మనమే జవాబుదారీ. పిల్లలు కొలవాల్సింది రోజూ స్కేలుతో నీటిమట్టం, మోటారు ఆడిన గంటలు. ఎలుకలు తవ్విన గట్టు పక్క గొట్టం పెడితే గట్టులోంచి కారిన నీటిని మొక్క తాగిందని లెక్క రాసుకుంటారు, కాబట్టి గట్టుకు రెండు మూడు మీటర్ల లోపలికి పెట్టాలి.

పత్తి ఊళ్లలో గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టేవి) పెట్టి రోజూ రెక్కల పురుగుల్ని లెక్కపెట్టడం మంచి ప్రాజెక్టు. వరుసగా మూడు రోజులు బుట్టకు ఎనిమిదేసి పడితే నివారణ మొదలుపెట్టాలన్న సూచన ఉంది కనుక, పిల్లల అంకె నేరుగా రైతుకు పనికొస్తుంది. షరతు ఒక్కటే, మందు కొట్టిన పొలంలోకి ఆ వారం అడుగు పెట్టకూడదు. పురుగుమందు పిల్లల చేతికిచ్చే ఏ ప్రాజెక్టునైనా, ఎంత బాగున్నా, అక్కడికక్కడే ఆపేస్తాం. వేపగింజల కషాయం దాకా సరే: లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బుపొడి కలిపి సాయంత్రం కొట్టాలి. పొద్దున్నే కొడితే ఎండకు దాని చేవ పోతుంది, తర్వాత ‘వేప పనిచేయలేదు’ అని రాస్తారు.

ప్రాజెక్టులు ఎక్కువగా చచ్చేది చీడలకు కాదు, దసరా సెలవులకు. పది రోజులకు పైగా బడికి తాళం. వాచ్‌మన్ పోస్తాడులే అనుకుంటారు. పోస్తాడు కూడా, కానీ ఎండిన కుండీకి జాలిపడి రెండు చెంబులు ఎక్కువ పోస్తాడు, దాంతో కొలత పోయింది. సెలవులకు ముందే ఎవరు ఏ రోజు వస్తారో పేర్లు రాసి, ఒకే కొలత మగ్గును గేటుకు గొలుసుతో కట్టించాలి. లేదంటే పంట కాలాన్ని సెలవులకు ముందే ముగిసేలా లెక్కేసుకోవాలి, మేం దీన్నే ఎక్కువ ఇష్టపడతాం. కోతుల బెడద ఉన్న చోట వేరుశనగ ప్రయోగం ఒప్పుకోవడం మానేశాం.

మధ్యలో ఒక్కసారైనా వెళ్లి చూడాలి, విత్తిన 25-30 రోజులకు. అప్పుడు మార్కులు వేయం. కుండీలు పటంలో ఉన్నట్టే ఉన్నాయా, నోటుబుక్కులో నిన్నటి తేదీ ఉందా చూసి, చివరి ఎంట్రీ కింద సంతకం పెట్టి వస్తాం. చిన్న పనిలా ఉంటుంది గానీ, నవంబరులో కూర్చుని జూలై కొలతలు రాసే అలవాటుకు ఈ సంతకమే మందు.

కాకిలెక్కల్ని పట్టుకోవడం కష్టం కాదు. 14.0, 14.5, 15.0 అంటూ ప్రతి అంకె చివరా సున్నా, ఐదు మాత్రమే ఉంటే స్కేలు పట్టుకోలేదన్నమాట. అరవై రోజుల నోటుబుక్కు ఒకే పెన్నుతో, ఒకే వాలులో, ఒక్క మట్టి మరక లేకుండా ఉంటే ఒకే రాత్రి రాసింది. నిజమైన నోటుబుక్కులో ఆదివారాల ఖాళీలుంటాయి, ‘వాన, కొలవలేదు’ అని ఉంటుంది, ‘మేక రెండు మొక్కలు తినేసింది’ అని ఉంటుంది. పోయిన మొక్కల్ని లెక్కలోంచి మాయం చేయకుండా రాసిన జట్టుకు మేం పైమార్కులు వేస్తాం.

ఫలితం దగ్గర పిల్లల్ని పెద్ద గణాంకాలు అడగం. పదో తరగతి సగటు చాలు, దాంతోపాటు గ్రాఫు కాగితం మీద ప్రతి కుండీకీ ఒక చుక్క. ఉదాహరణకు ఏమీ పట్టించని నాలుగు కుండీల ఎత్తులు 22, 31, 25, 28 అనుకుందాం, సగటు 26.5. పట్టించినవి 29, 24, 33, 30, సగటు 29. చార్టు మీద ‘9 శాతం పెరుగుదల’ అని ఎక్కేస్తుంది. చుక్కలు పెట్టి చూస్తే రెండు గుంపులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ‘తేడా ఉందని చెప్పలేం, ఇంకా ఎక్కువ కుండీలతో చేయాలి’ అన్నదే సరైన జవాబు. ఆ జవాబు చెప్పిన పిల్లకు బహుమతి ఇచ్చినప్పుడు గుసగుసలు తప్పవు, ఇచ్చి తీరాలి. అందుకే ఆశించిన ఫలితం రాకపోయినా పని సరిగ్గా చేసిన జట్టుకంటూ ఒక బహుమతిని విడిగానే ఉంచాం, మొదటి బహుమతితో సమానమైన సొమ్ముతో. అలాగే కుండీలో వచ్చిన గ్రాముల్ని ఎకరానికి గుణించి క్వింటాళ్లు చెప్పేవారికి మార్కులు తగ్గిస్తాం. నీడ, వేరు విస్తరించే చోటు, నీరు ఏవీ పొలంలో అలా ఉండవు.

మార్కుల పంపకం ఇది: నోటుబుక్కుకు 40, అమరికకు 30, ఫలితాన్ని చదివిన తీరుకు 20, మాటకు 10. చార్టుకు, అలంకరణకు సున్నా. జడ్జీలు ఇద్దరు, ఒకరు కృషి విజ్ఞాన కేంద్రం నుంచో పరిశోధన స్థానం నుంచో వచ్చే శాస్త్రవేత్త, ఇంకొకరు వేరే మండలం సైన్సు టీచరు. ఇద్దరికీ నోటుబుక్కులు ముందు రోజే చేరాలి. ఫెయిర్ రోజున బల్లకు ఐదు నిమిషాలు దొరుకుతాయి, ఆ గోలలో 60 పేజీలు ఎవరు చదవగలరు? అడిగే ప్రశ్నలు కూడా కాగితం మీద ఇస్తాం: ఈ కుండీ ఇక్కడే ఎందుకుంది? ఎన్ని మొక్కలు చచ్చాయి? మళ్లీ చేస్తే ఏం మారుస్తావు? ఈ మూడూ తెలుగులోనే అడగాలి. ఇంగ్లీషులో అడిగితే గైడ్ టీచరు బట్టీ పట్టించిన పేరా వినపడుతుంది. తెలుగులో అడిగితే, పని చేసిన పిల్లాడు కుండీ వైపు వేలు చూపించి మాట్లాడతాడు.

ఇక్కడ గెలిచిన ప్రాజెక్టును ఎటు పంపాలన్నదీ ఆలోచించాలి. బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు ఎంపికైన విద్యార్థి ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి గానీ, వాళ్లు చూసేది కొత్త ఆలోచన, పరికరం. మన పోలిక ప్రయోగాలు అక్కడ వెలవెలబోతాయి. స్థానిక సమస్యను కొలిచి చూపే పనికి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ అతికినట్టు సరిపోతుంది, 10 నుంచి 17 ఏళ్ల పిల్లలకు. అంతర్జాతీయ ఫెయిర్ అయిన ఐసెఫ్ దాకా వెళ్లాలనుకునే జట్టు ఒకటి గుర్తుంచుకోవాలి: అక్కడ బల్ల మీద బతికున్న మొక్కను గానీ, మట్టిని గానీ పెట్టనివ్వరు. చేతిలో ఉండేది ఫొటోలు, నోటుబుక్కే. అందుకే ఫొటో తీసిన ప్రతిసారీ పక్కన స్కేలు, తేదీ రాసిన చీటీ ఉండాలని జూన్‌లోనే చెబుతాం.

ఫెయిర్ అయ్యాక పెట్టెలు వెనక్కి వస్తాయి. కాటాను 50 గ్రాముల తూకపు రాయితో సరిచూసి పక్కన పెట్టాలి, నాలుగైదింట్లో ఒకటి తప్పు చూపుతుంటుంది. గ్రోబ్యాగుల మట్టిని బడితోటలో పోసేయమంటాం. రైజోబియం పెరిగిన ఆ మట్టి మరుసటి జూన్‌లో అదే ప్రయోగానికి పనికిరాదు.